సి/ఎఫ్ బటన్ ఉన్న వంటింటి థర్మామీటర్ పెన్ను: ఎంతవరకు నమ్మొచ్చు?

మన ఇళ్లలో జ్వరం ఫారన్‌హీట్‌లో ఉంటుంది, ఎండ సెల్సియస్‌లో ఉంటుంది. "పిల్లాడికి నూటరెండు" అన్నా, "రెంటచింతలలో నలభై ఆరట" అన్నా ఏ కొలతో ఎవరూ అడగరు, అలవాటైపోయింది. చిక్కంతా వంటింట్లో వస్తుంది. అమెరికాలో ఉన్న చెల్లెలు పంపిన కేక్ కొలతల్లో 350 అని ఉంటుంది, ఇక్కడి ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) డయలు 250తో ఆగిపోతుంది. పాకానికి ఒక వీడియోలో 115 అంటారు, ఇంకో వీడియోలో 238 అంటారు. రెండూ దాదాపు ఒకటే పాకం.

ఈ గొడవ తీరుస్తామని అమ్ముతున్నదే డిజిటల్ ప్రోబ్ థర్మామీటర్. పెన్నులా ఉంటుంది, కింద జానెడు స్టీలు పుల్ల, పైన ప్లాస్టిక్ తల, చిన్న తెర. ఆన్/ఆఫ్, హోల్డ్ (తెర మీది అంకెని కదలకుండా ఆపేది), మ్యాక్స్/మిన్, సి/ఎఫ్ అని నాలుగు బటన్లు. లోపల ఎల్ఆర్44 గుండీ సెల్ ఒకటి. పెట్టె మీద మైనస్ 50 నుంచి 300 సెల్సియస్ వరకు, అంటే మైనస్ 58 నుంచి 572 ఫారన్‌హీట్ వరకు అని ఉంటుంది. పెద్ద బ్రాండు పేరేమీ లేకుండా ఆన్‌లైన్‌లో మూడు నాలుగు వందలకే దొరికే రకం గురించే ఈ సమీక్ష.

ముందే తేల్చి చెప్పాలంటే: కొనొచ్చు. పాకాలకి, నూనెకి, తోడు పెట్టే పాలకి ఈ ధరలో ఇంతకన్నా పనికొచ్చేది లేదు. కానీ పెట్టె తెరిచిన రోజే రెండు పరీక్షలు పెట్టాలి, ఒక గుర్తు అంటించాలి. అవి చేయకుండా పొయ్యి దగ్గరికి తీసుకెళ్తే లాభం కన్నా నష్టమే ఎక్కువ.

కొనేటప్పుడు చూడాల్సినది ప్లస్ ఆర్ మైనస్ అని రాసే ఖచ్చితత్వం. చాలా అమ్మకపు పేజీల్లో అది ఇలా ఉంటుంది: "±1 డిగ్రీ సెల్సియస్ / ±33.8 డిగ్రీల ఫారన్‌హీట్". ఇది తప్పు, అదీ ఉష్ణోగ్రతల లెక్కలో అందరూ చేసే తప్పు. ఉష్ణోగ్రతని మార్చాలంటే 1.8తో గుణించి 32 కలపాలి. తేడాని మార్చాలంటే 1.8తో గుణించి ఊరుకోవాలి, 32 కలపకూడదు. రెండు కొలతల సున్నాలు వేరువేరు చోట్ల ఉన్నాయి కాబట్టే ఆ 32. తేడాకి సున్నాతో పని లేదు. కాబట్టి ఒక డిగ్రీ సెల్సియస్ తేడా అంటే 1.8 డిగ్రీల ఫారన్‌హీట్ తేడా, అంతే. వాతావరణ శాఖ "సాధారణం కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువ" అన్నప్పుడు ఫోన్‌లో కన్వర్టర్‌కి 4.5 ఇస్తే 40.1 అని చూపిస్తుంది. అసలు జవాబు 8.1. ఫోన్‌కి మీరు అడిగేది తేడానో ఉష్ణోగ్రతో తెలియదు. మనమే తెలుసుకుని అడగాలి.

ఆ ±1 లోనే ఇంకో హెచ్చరిక ఉంది. 37కి ఒకటి అటూ ఇటూ అంటే 36 నుంచి 38, ఫారన్‌హీట్‌లో 96.8 నుంచి 100.4. అంటే ఒంట్లో బాగున్న మనిషికీ జ్వరం ఉన్న మనిషికీ మధ్య తేడా మొత్తం ఈ పెన్ను పొరపాటులోనే మునిగిపోతుంది. దీనితో జ్వరం చూడొద్దు. దానికి మందుల షాపులో దొరికే జ్వరం థర్మామీటరే వాడాలి.

ఇక మొదటి పరీక్ష, ఐసుది. గ్లాసు నిండా ఐసు ముక్కలు చితక్కొట్టి నింపండి. ముక్కల సందులు నిండేంతవరకే చన్నీళ్లు పోయాలి, ఐసు పైకి తేలి కింద వట్టి నీళ్లు మిగిలాయంటే నీళ్లు ఎక్కువైనట్టే. కలిపి మూడు నిమిషాలు ఉంచి, పుల్ల మొనని గ్లాసు మధ్యలో, అడుక్కీ గోడకీ తగలకుండా పెట్టి కలుపుతూ ఉండండి. అంకె నిలబడ్డాక సున్నా చూపించాలి, బటన్ నొక్కితే 32.0 రావాలి. 0.6 చూపిస్తే మీ పెన్ను 0.6 ఎక్కువ చెబుతోందన్నమాట, ఎఫ్‌లో అదే 33.1గా కనిపిస్తుంది. సరిదిద్దే బటన్ ఈ ధరలో చాలా వాటికి ఉండదు. అందుకని "0.6 తీసెయ్" అని చిన్న కాగితం రాసి తలకి అంటించుకోవాలి. ఎఫ్‌లో వాడితే తీసేయాల్సింది 1.1. ఇక్కడ కూడా తేడా లెక్కే, 32 ప్రసక్తి లేదు. సున్నా దగ్గర రెండు డిగ్రీలకి మించి తప్పితే మాత్రం కాగితం అంటించుకుని సర్దుకోవద్దు, వెనక్కి పంపేయండి.

రెండోది మరిగే నీళ్ల పరీక్ష. హైదరాబాద్‌లో చాలామంది ఇక్కడే పెన్ను పాడైందనుకుని తిరిగి పంపుతారు. నీళ్లు 100 దగ్గర మరుగుతాయన్నది సముద్రమట్టం దగ్గరి మాట. ఎత్తు ప్రతి 300 మీటర్లకి సుమారు ఒక డిగ్రీ సెల్సియస్ తగ్గుతుంది. విశాఖ తీరంలో 100 వస్తుంది. హైదరాబాద్ ఎత్తు సుమారు 540 మీటర్లు, కాబట్టి 98.2 దగ్గరే నీళ్లు తెర్లుతాయి, ఎఫ్‌లో 208.8. 900 మీటర్ల పైన ఉన్న అరకులోనూ, బెంగళూరులోనూ 97 దగ్గర, ఎఫ్‌లో 206.6. హార్స్‌లీ హిల్స్ మీద 96 కూడా రాదు. కొలరాడోలోని డెన్వర్‌లో ఉన్నవాళ్లకి 95 దగ్గరే, ఎఫ్‌లో 203. వాయుగుండం పట్టిన రోజుల్లో గాలి ఒత్తిడి తగ్గి ఇంకో పావు డిగ్రీ వరకు పడొచ్చు. హైదరాబాద్‌లో మరిగే నీళ్లలో 98 చూపిస్తే ఆ పెన్ను మంచిదే, 100 చూపిస్తేనే అనుమానించాలి.

మరిగే నీళ్లు పెట్టేటప్పుడు పుల్లని నిటారుగా కాక పక్కకి వంచి పట్టుకోండి. ఆవిరి నేరుగా ప్లాస్టిక్ తలకి తగిలితే తెర వెనక చెమ్మ పడుతుంది, అంకెల గీతలు ఒక్కొక్కటే మాయమవుతాయి. 8 కాస్తా 6లా, 0లా కనిపించడం మొదలైతే చెమ్మ దిగినట్టే.

బటన్ లెక్క సరిగ్గా చేస్తోందా? చేస్తోంది. పరీక్షించాలంటే గోరువెచ్చని నీళ్లలో పెట్టి హోల్డ్ నొక్కి, తర్వాత సి/ఎఫ్ నొక్కి రెండు అంకెలూ రాసుకోవాలి. హోల్డ్ నొక్కకపోతే మీరు లెక్కేసేలోపు నీళ్లే చల్లారతాయి. కొన్ని పెన్నుల్లో హోల్డ్‌లో ఉండగా కొలత మారదు, అలాంటప్పుడు ఐసు పరీక్షలో 0.0 కాస్తా 32.0 అవడం చూసుకుంటే చాలు. ఇంకో సూక్ష్మం ఉంది. ముందు సెల్సియస్‌లో పదో వంతుకి కుదించి, ఆ తర్వాత ఫారన్‌హీట్‌లోకి మార్చే పెన్నుల్లో 37.0 అంటే 98.6, 37.1 అంటే 98.8, 37.2 అంటే 99.0. మధ్యలో 98.7, 98.9 ఎప్పటికీ రావు. అంకె ఎఫ్‌లో గెంతుతున్నట్టు కనిపిస్తే కారణం ఇదే, చెడిపోయి కాదు. ఎఫ్‌లో పెడితే ఎక్కువ సూక్ష్మంగా తెలుస్తుందనుకోవడం మాత్రం పొరపాటు. లోపల కొలిచేది అదే సెన్సారు.

ఈ పెన్నులో అసలు లోపం లెక్కలో లేదు, అక్షరంలో ఉంది. అంకెలు బారుగా, స్పష్టంగా ఉంటాయి. వాటి పక్కన సి గానీ ఎఫ్ గానీ ఆవగింజంత ఉంటుంది. పొయ్యి మీదకి వంగి, ఆవిరిలో, వంటింటి ట్యూబులైటు వెలుగులో అది కనపడదు. పైగా సి/ఎఫ్ బటన్ సరిగ్గా బొటనవేలు ఆనే చోట ఉంది. పట్టుకోవడంలో నొక్కుకుపోతుంది, తెలియను కూడా తెలియదు.

నీళ్లతో పనైతే తప్పు వెంటనే దొరికిపోతుంది. పాలలోనో పప్పులోనో 105 అని కనిపించిందంటే అది సెల్సియస్ అయ్యే వీల్లేదు, మూత లేని గిన్నెలో నీళ్లు అంత వేడెక్కవు. నూనెకీ పాకానికీ ఆ ఆనవాలు ఉండదు. గారెలకి నూనె 170 నుంచి 175 సెల్సియస్ ఉండాలి. పెన్ను ఎఫ్‌లో ఉండి 175 చూపిస్తే నూనె నిజంగా ఉన్నది 79 దగ్గర. ఆ నూనెలో వేసిన గారె చిటపటలాడదు, అడుక్కి పోయి కూర్చుని నూనె పీల్చుకుంటుంది. అదే ఎఫ్‌లో చెప్పిన 350 కోసం ఎదురుచూస్తూ పెన్ను సి లో ఉంటే ఇంకా ప్రమాదం. రిఫైన్డ్ నూనెలు 230 దాటేసరికే పొగలు కక్కుతాయి, 350 వరకు పోనిస్తే నూనె అంటుకుంటుంది, పెన్ను కొలిచే హద్దూ 300తోనే అయిపోతుంది. అందుకే ఆ అంటించాల్సిన గుర్తు: ఏదో ఒక కొలతలో స్థిరంగా ఉంచుకుని, సి/ఎఫ్ బటన్ మీద మందపాటి టేపు ముక్క వేసేయండి. ఇక్కడి వంటింట్లో సి లో, అమెరికా వంటింట్లో ఎఫ్‌లో. మార్పిడి కావాలంటే కాగితం మీద చేసుకోండి, కాగుతున్న నూనె ముందు కాదు.

ఈ పెన్ను ధర మొత్తం పాకం దగ్గరే గిట్టుబాటవుతుంది. అరిసెలకి ఉండ పాకం 112 నుంచి 116 అంటారు, ఎఫ్‌లో 235 నుంచి 240. ఇది కూడా సముద్రమట్టం లెక్కే. పాకం మరిగే వేడి నీళ్లు మరిగే వేడికి పైన ఎంత ఉందన్నదే చిక్కదనాన్ని చెబుతుంది, కాబట్టి మీ ఊళ్లో నీళ్లు మరిగిన అంకెకి 12 నుంచి 16 కలుపుకోండి. హైదరాబాద్‌లో అది 110 నుంచి 114. ఎఫ్‌లో కలపాల్సింది 22 నుంచి 29. వీడియోలో చెప్పిన 116ని పట్టుకుని హైదరాబాద్‌లో కూర్చుంటే పాకం ముదురుతుంది, అరిసెలు గట్టిపడతాయి.

అరకిలో బెల్లానికి పాకం వెడల్పు మూకుట్లో పెడితే వేలెడు లోతు కూడా ఉండదు, సెన్సారేమో పుల్ల చివరి రెండు మూడు సెంటీమీటర్లలోనే ఉంది. పట్టకారుతో మూకుడిని ఒక పక్కకి వంచి, పాకమంతా ఆ మూలకి చేరాక మొన ముంచాలి, అడుగు తగలనివ్వొద్దు. అడుగు తగిలితే పాకం వేడి కాదు, మూకుడి వేడి చెబుతుంది, అది పది పదిహేను డిగ్రీలు ఎక్కువ ఉండొచ్చు. 105 దాకా అంకె నింపాదిగా ఎక్కుతుంది, నురుగు పెద్ద పెద్ద బుడగలుగా ఉంటుంది. 108 దాటాక బుడగలు చిన్నవై దగ్గరపడతాయి, గరిటె ఎత్తితే ధార తెగకుండా సాగుతుంది, అంకె కూడా వేగం అందుకుంటుంది. అక్కడే సెగ తగ్గించాలి, ఎందుకంటే పెన్ను చూపే అంకె ఐదారు సెకన్లు వెనకబడి ఉంటుంది. పళ్లెంలో చన్నీళ్లు పెట్టుకుని రెండు చుక్కలు వేసి వేళ్లతో కూడదీస్తే మెత్తటి ఉండ కట్టాలి. అంకె, ఉండ రెండూ కలిస్తే దించేయండి. కలవకపోతే ఉండ మాటే వినండి. బెల్లం పంచదార లాంటిది కాదు, పాత బెల్లం, కొత్త బెల్లం, రసాయనం కలిపిన తెల్ల బెల్లం ఒక్కోటి ఒక్కో అంకె దగ్గర ఉండ కడతాయి. ఒకసారి మీ కొట్టు బెల్లానికి ఉండ ఏ అంకె దగ్గర కట్టిందో రాసి పెట్టుకుంటే, ఆ బస్తా అయిపోయే వరకు ఆ అంకె పనికొస్తుంది. పల్లీ పట్టికి కావాల్సిన ముదురు పాకం చాలా పైన, పంచదార లెక్కలో 146 నుంచి 154, ఎఫ్‌లో 295 నుంచి 310. అక్కడ బెల్లం మాడిపోవడానికి ఎంతోసేపు పట్టదు, చూపు తెర మీద కన్నా రంగు మీద ఉండాలి.

పెన్ను చేతిలో లేనప్పుడు నోటి లెక్క. "రెట్టింపు చేసి 30 కలుపు" అనేది వాతావరణం వరకే. 10 సెల్సియస్ దగ్గర సరిగ్గా 50 వస్తుంది, 40 దగ్గర 104 బదులు 110 వస్తుంది, ఓవెన్ 180కి 356 బదులు 390 వస్తుంది. 390తో కేక్ పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. దీని బదులు: రెట్టింపు చేయండి, అందులో పదో వంతు తీసేయండి, 32 కలపండి. 180 రెట్టింపు 360, పదో వంతు 36 పోతే 324, 32 కలిపితే 356. సుమారు కాదు, ఖచ్చితం. వెనక్కి రావాలంటే 32 తీసి సగం చేసి, ఆ సగంలో పదో వంతు, నూరో వంతు కలపాలి. 350లో 32 పోతే 318, సగం 159, పదో వంతు 15.9, నూరో వంతు 1.6, మొత్తం 176.5. అసలు జవాబు 176.7, ఓవెన్‌కి ఇంత దగ్గరగా వస్తే చాలు. లెక్కలంటే బెరుకు ఉన్నవాళ్లకి మెట్ల పద్ధతి: సెల్సియస్‌లో ప్రతి ఐదుకి ఫారన్‌హీట్‌లో తొమ్మిది. 0కి 32, 5కి 41, 10కి 50, అలా ఎక్కుతూ 35కి 95, 40కి 104, 45కి 113.

ఓటీజీకి ఈ పెన్ను పనికిరాదు, ప్లాస్టిక్ తల లోపల కరిగిపోతుంది. దానికి రెండు కొలతలూ ముద్రించి ఉన్న డయలు ఓవెన్ థర్మామీటర్ విడిగా దొరుకుతుంది, అది కొనండి. కన్వర్టర్ 176.667 అన్నదని డయలుని వెంట్రుకవాసి తిప్పడం శ్రమ దండగ, చిన్న ఓటీజీల్లో డయలుకీ లోపలి వేడికీ పది ఇరవై డిగ్రీల తేడా మామూలే. 325 అంటే 160-165, 350 అంటే 175-180, 400 అంటే 205, 425 అంటే 220 అనుకుంటే చాలు. ఫ్యాను ఓవెన్ దగ్గర మాత్రం జాగ్రత్త. బ్రిటన్ వంటకాల్లో ఫ్యానుకి 20 సెల్సియస్ తగ్గించమంటారు, అమెరికా వంటకాల్లో 25 ఫారన్‌హీట్ తగ్గించమంటారు. ఆ 25 మన లెక్కలో 14 మాత్రమే. 177లోంచి 25 తీసేస్తే 152కి పడి కేక్ పొంగదు. బ్రిటన్‌లోని పాత గ్యాస్ ఓవెన్లలో గ్యాస్ మార్క్ 4 అంటే మన 180 దగ్గరే.

పాలకి ఈ పెన్ను నిశ్చింతగా వాడొచ్చు. తోడు పెట్టడానికి 40 నుంచి 45, ఎఫ్‌లో 104 నుంచి 113. అంతకన్నా వేడిగా ఉంటే పెరుగు పుల్లబడి నీరొదులుతుంది, తక్కువైతే చలికాలంలో తెల్లారేసరికి కూడా తోడుకోదు. ఈస్ట్ నానబెట్టే నీళ్లకి అమెరికా వంటకాల్లో 105 నుంచి 110 అని ఉంటుంది, అది మన 41 నుంచి 43. అరవై దాటితే ఈస్ట్ చచ్చిపోతుంది.

సెల్ నీరసించినప్పుడు అంకెలు పాలిపోతాయి, కొన్నిట్లో పిచ్చి అంకెలు వస్తాయి. సెల్ మార్చాక చాలా పెన్నులు తమంతట తామే ఫ్యాక్టరీ కొలతకి వెళ్లిపోతాయి, మీరు ఎఫ్‌లో ఉంచుకున్నా సి కి మారొచ్చు. టేపు తీసి చూసుకుని మళ్లీ వేయాలి. అంకె ఎంతకీ కదలకపోతే ముందు హోల్డ్ నొక్కి ఉందేమో చూడండి. కడిగేటప్పుడు పుల్ల వరకే, తలని కుళాయి కింద పెట్టొద్దు.

కొన్నిట్లో తొడుగు మీద మాంసాల పట్టిక ముద్రించి ఉంటుంది, బీఫ్, పోర్క్, టర్కీ అని. మన వంటింటికి అందులో కోడి మాంసం ఒక్కటే అక్కరకొస్తుంది: 165 ఎఫ్, అంటే 74 సి, ఎముకకి తగలకుండా మందమైన చోట గుచ్చి చూడాలి. మిగతా పట్టిక మీద తెల్లకాగితం అంటించి ఇవి రాసుకోండి: మన ఊళ్లో నీళ్లు మరిగే అంకె, మన పెన్ను తప్పు ఎంత, తోడు 40-45, గారెలు 170-175, మన బెల్లం ఉండ కట్టిన అంకె. పైన పెద్ద అక్షరాలతో "సి".